పాష్‌గా ఉంటానని పెట్టిన సంతకం

పేర్లు రాయను. రాయకూడదని చట్టమే చెబుతోంది. ఫిర్యాదు చేసిన మనిషి ఎవరో, ఎవరి మీద చేసిందో, సాక్షులెవరో బయటపెట్టకూడదు. న్యాయం జరిగిందన్న సంగతి మాత్రం ఆనవాళ్లు లేకుండా చెప్పుకోవచ్చు. ఆ వెసులుబాటు పట్టుకునే ఇది రాస్తున్నాను. అందుకే ఇందులో కంపెనీ పేరు లేదు, అంతస్తు నంబరు లేదు, కొన్ని వివరాలు మార్చాను కూడా. నా కోపాన్ని మాత్రం మార్చలేదు.

హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ శిక్షణ విభాగంలో నా ఉద్యోగం. శిక్షణ అనగానే నేనేదో పాఠాలు చెబుతాననుకునేరు. నేను ఎవరికీ ఏమీ చెప్పను. ఏడాదికోసారి అందరూ చేసి తీరాల్సిన కోర్సులు కొన్ని ఉంటాయి. ఎవరు చేశారో, ఎవరు చేయలేదో చూసి, చేయనివాళ్ల వెంటపడి చేయించడం నా పని. చేసినవాళ్ల పేరు పక్కన గడి పచ్చగా మారుతుంది, చేయనివాళ్లది ఎర్రగా ఉంటుంది. ఆ కోర్సుల్లో ఒకటి, పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపులను అరికట్టే చట్టం గురించి. చట్టం ఇంగ్లీషు పేరులోని ముక్కలను అతికించి మా ఆఫీసుల్లో దాన్ని ‘పాష్’ అంటారు. “నీ పాష్ అయిందా?” “నాది పెండింగు.” “ఈ క్వార్టర్లో పాష్ ఒక్కటే ఎర్రగా ఉందండీ.” ఇవీ మా మాటలు. ఇన్నేళ్లలో ఆ మాట వెనక ఏముందో ఎవరూ అడగలేదు, నేనూ ఆగి ఆలోచించలేదు.

మా ఉద్యోగులు ఆ కోర్సు చేసే తీరు చూడాలి. నలభై నిమిషాల బొమ్మల వీడియో, ఇంగ్లీషులో. నీలం చొక్కా బొమ్మ ఒకటి పక్క సీటు బొమ్మ భుజం మీద చెయ్యి వేస్తుంది. ఇది తప్పా, ఒప్పా అని తెర మీద ప్రశ్న వస్తుంది. మావాళ్లు సౌండు తీసేసి, దాన్ని ఒక మూలకు నెట్టేసి, తమ పని చేసుకుంటూ మధ్యమధ్యలో నెక్స్ట్ నొక్కుతుంటారు. చివర్లో పది ప్రశ్నలు. వాటి జవాబులు ప్రతి టీము వాట్సాప్ గ్రూపులోనూ ఏటా తిరుగుతూనే ఉంటాయి. ఒక ఏడాది ఆ ప్రశ్నల వరుస మారింది. జవాబులు కాపీ కొట్టినవాళ్లంతా బోల్తా పడ్డారు. చెప్పాపెట్టకుండా మార్చానని నా మీద పైవాళ్లకు ఫిర్యాదులు వెళ్లాయి. ఫిర్యాదు ఎలా చేయాలో చెప్పే కోర్సు వినకపోయినా, నా మీద ఫిర్యాదు చేయడం మాత్రం అందరికీ బాగానే వచ్చు.

కోపం నా ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ అంటుంది. మాది తెనాలి వైపు, చర్చిలో పాటలు పాడే కుటుంబం. నోరు లేవడం నా ఒక్కదానికే అబ్బింది. అలాంటి నాకు, ఆ రోజుల్లో ఈ తతంగం చూసి కోపం రాలేదు. నవ్వుకునేదాన్ని. అందరి గళ్లూ పచ్చగా మారితే శుక్రవారం త్వరగా ఇంటికి వెళ్లేదాన్ని.

పోయిన ఏడాది వానాకాలంలో ఒక క్లయింటు తరఫున ఆడిట్ వస్తోందన్నారు. చట్టం దృష్టిలో ఉద్యోగి అంటే కంపెనీ బ్యాడ్జీ మెడలో వేసుకున్నవాళ్లు మాత్రమే కాదు. కాంట్రాక్టరు ద్వారా వచ్చి నేల తుడిచేవాళ్లు, క్యాంటీన్లో వడ్డించేవాళ్లు, రోజుకూలికి వచ్చేవాళ్లు, అందరూ ఉద్యోగులే. వాళ్లందరికీ ఎప్పటికప్పుడు అవగాహన కార్యక్రమాలు పెట్టాల్సిన బాధ్యత కంపెనీదే. ఇదంతా మాకు చట్టం చదివి తెలిసింది కాదు. క్లయింటు పంపిన పట్టికలో ఒక గడి ఖాళీగా కనబడితే తెలిసింది. హౌస్ కీపింగ్ సిబ్బందికి అవగాహన కార్యక్రమం జరిగిందా, జరిగితే సంతకాలు జతచేయండి అని ఉంది అందులో.

మా మేనేజరు నన్ను పిలిచి, “రేపటికల్లా ఆ గడి నిండాలండి” అన్నారు.

“వాళ్లకి సెషన్ ఎప్పుడు పెడదామండీ?” అని అడిగాను.

ఆయన నన్ను చంటిపిల్లను చూసినట్టు చూశారు. “సెషన్ ఆడిట్ అయ్యాక పెట్టుకుందాం. ముందు సంతకాలు తీసుకోండి” అన్నారు.

నేను సరేనన్నాను. ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. ఇక్కడ నన్ను నేను వెనకేసుకు రావడానికి ఒక్క ముక్కా దొరకడం లేదు.

ఆ షీటు నేనే తయారుచేశాను. పైన ఇంగ్లీషులో ఒక వాక్యం: ‘లైంగిక వేధింపుల చట్టం గురించి, ఫిర్యాదు చేసే పద్ధతి గురించి నాకు తెలిసిన భాషలో నాకు వివరించారు’. నాకు తెలిసిన భాషలో వివరించారన్న మాటను వాళ్లకు తెలియని భాషలో టైపు చేశాను. దాని కింద వరుస సంఖ్య, పేరు, సంతకం. అన్నిటికన్నా అడుగున ‘శిక్షణ ఇచ్చినవారు’ అని ఒక గీత. ఆ గీత మీద నా సంతకం.

హౌస్ కీపింగ్ సూపర్వైజరు కాంట్రాక్టరు మనిషి. నలభై దాటినవాడు, నూనె రాసి దువ్విన తల, జేబులో మూడు పెన్నులు. మేము లిఫ్టు దగ్గరకొస్తే తలుపు పట్టుకుని “నమస్తే మేడం” అనే రకం.

“ఏంది మేడం ఇది?” అని అడిగాడు.

“పాష్ ట్రైనింగ్ అండీ. సంతకాలు కావాలి, ఆడిట్ ఉంది” అన్నాను.

“ఓ, గంతేనా!” అని అందరినీ పాంట్రీలోకి పిలిచి, “పాష్ ట్రైనింగంట, జల్ది జల్ది సంతకాలు వెట్టుండ్రి” అన్నాడు.

నలభై మంది దాకా ఉంటారు. దాదాపు అందరూ ఆడవాళ్లే. ఇరవై నిమిషాల్లో ముగిసింది. రాయడం రానివాళ్ల కోసం స్టాంపు ప్యాడు కూడా తీసుకెళ్లాను, అంత ముందుచూపు ఉన్నదాన్ని మరి. ఆ నలభై ముఖాల్లో ఒక్కటి కూడా నాకు గుర్తు లేదు. షీటు స్కాన్ చేసి పంపాను. మేనేజరు గ్రూపులో బొటనవేలి బొమ్మ పెట్టారు. ఆడిట్ సాఫీగా జరిగిపోయింది. ఆ తర్వాత పెడతామన్న సెషన్ ఎవరికీ గుర్తు రాలేదు.

జనవరిలో ఒక మధ్యాహ్నం, భోజనాల వేళ దాటాక, హౌస్ కీపింగ్‌లో పనిచేసే ఒకావిడ నా సీటు దగ్గరకొచ్చి నిలబడింది. ముప్పై నాలుగు, ముప్పై అయిదేళ్లుంటాయి. చుడీదార్ మీద కంపెనీ నీలం కోటు, తల చుట్టూ బిగించి కట్టిన చున్నీ. వాళ్లది వికారాబాద్ దగ్గర ఊరని, నానక్‌రామ్‌గూడలో ఒక గది కిరాయికి తీసుకుని ఉంటున్నారని, భర్త బాలానగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేస్తాడని తర్వాత తెలిసింది.

“మేడం, బిజీ ఉన్నరా?”

“లేదమ్మా, చెప్పండి.”

“గా పాష్ కాయితంల నా పేరు కొట్టేస్తరా?”

పని మానేస్తోందేమో అనుకున్నాను. “ఎందుకమ్మా? అది ఎప్పుడో పంపించేశాం కదా” అన్నాను.

“నేను పాష్‌గ ఉండలేను మేడం. నాతోని కాదు. తెల్వక సంతకం వెట్టిన, తప్పయింది. కొట్టేయుండ్రి జర.”

నేను నవ్వాను. దాచను, పైకే నవ్వాను. “పాష్ అంటే అది కాదమ్మా” అన్నాను.

“మరి ఏంది మేడం?” అని అడిగింది.

చెప్పబోయి ఆగాను. అదేమిటో ఆవిడకు తెలిసిన భాషలో వివరించానని ఆరు నెలల కిందటే నేను సంతకం పెట్టి ఉన్నాను.

ఖాళీగా ఉన్న చిన్న మీటింగు గదిలోకి తీసుకెళ్లాను. అక్కడ నిలబడే చెప్పింది. ఆ రోజు పాంట్రీలో సంతకాలు పెట్టిన నలభై మందీ అనుకున్నది ఒక్కటే. విదేశాల నుంచి క్లయింట్లు వస్తున్నారు కాబట్టి ఇకమీదట పాష్‌గా, అంటే షోకుగా, నీటుగా కనబడతామని కంపెనీ తమచేత రాయించుకుందని. మరునాడే ఇద్దరు కొత్త చెప్పులు కొనుక్కొచ్చుకున్నారట. ఒకావిడ కూతురి లిప్‌స్టిక్ పూసుకొచ్చిందట. వాళ్లు అలా అనుకోవడంలో వింతేముంది? పాష్ అనే మాట వాళ్లకు తెలియని మాట కాదు. పాష్ బిల్డింగులు, పాష్ కాలనీలు, పాష్‌గా ఉండే మేడంలు. తెలిసిన మాటకు తెలిసిన అర్థం చెప్పుకున్నారు. మూడు డిగ్రీలు చదివిన మాకు రాని ప్రశ్న వాళ్లకు రాలేదని ఇప్పుడు ఎవరైనా అంటే చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

సూపర్వైజరుకు మాత్రం అసలు అర్థం తెలుసని నా నమ్మకం. తెలిసే వాడుకున్నాడు.

“గా కాయితం అయినంక మరీ ఎక్కువయింది మేడం” అంది ఆవిడ. “సంతకం వెట్టినవ్ గద, పాష్‌గ ఉంటనని కంపెనీకి రాసిచ్చినవ్ గద అంటుండె. గా చున్నీ ఏంది ముసలిదాని లెక్క, తీయ్ అంటుండె. నవ్వుమంటుండె. నవ్వకపోతె, మేడం వాళ్లకు చెప్త, నీ మీద కంప్లైంట్ రాస్త అంటుండె.”

చెత్త బండి తోసుకుంటూ సర్వీసు లిఫ్టు ఎక్కితే వెనకే ఎక్కేవాడట. నడుం మీద చెయ్యి వేసేవాడట. విదిలించుకుంటే, పాష్ అంటే ఇట్లనే ఉంటది, నీకు తెల్వదు అనేవాడట. ఆగస్టు చివర వాణ్ని పక్క టవరుకు మార్చేదాకా ఇదే వరస. వాడు వెళ్లాక ఊపిరి పీల్చుకుంది. ఇప్పుడు వచ్చే ఒకటో తారీఖు నుంచి మళ్లీ మా బిల్డింగుకే వస్తున్నాడని తెలిసి నా దగ్గరకొచ్చింది.

“ఆయనొస్తె నేను పని బంద్ జేస్త మేడం. మా ఆయనకు తెలిస్తె మొత్తానికే ఇంట్ల కూసోవెడతడు. నా పేరు కొట్టేస్తె, నేనేం రాసియ్యలే, నా జోలికి రాకు అని అనొచ్చు గద.”

ఆవిడ అడిగింది అంతే. వాణ్ని శిక్షించమనలేదు. తన పేరు మీద ఒక గీత గీయమంది.

ఇది రాస్తుంటే ఇప్పటికీ పళ్లు పటపటలాడుతున్నాయి. ఆడవాళ్ల మీద చెయ్యి వేయకూడదని చెప్పే చట్టానికి తీసుకున్న సంతకాన్ని చూపించి వాడు ఆవిడ మీద చెయ్యి వేశాడు. ఆ కాగితం వాడి చేతికిచ్చింది నేను. వాణ్ని పక్కన నిలబెట్టుకుని, వాడిచేత పిలిపించి, వాడి ముందే ఆడవాళ్లందరి సంతకాలూ తీసుకున్నాను.

అప్పుడు చెప్పాను, మామూలు తెలుగులో. ఇష్టం లేకుండా ముట్టుకోవడం, ఆ రకం మాటలు అనడం, ఒప్పుకోకపోతే పని పోతుందని బెదిరించడం, ఇవన్నీ వేధింపులే. దీనికి ఆఫీసులోనే ఒక కమిటీ ఉంటుంది. దాని పెద్ద ఆడమనిషే. సగానికి తగ్గకుండా ఆడవాళ్లుంటారు. కంపెనీతో సంబంధం లేని ఒక మనిషి బయటి నుంచి వస్తారు. కాంట్రాక్టు మనిషైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. రాయలేకపోతే వాళ్లే సాయం చేసి రాయించాలి. మొత్తం ఏడు నిమిషాలు పట్టింది. ఏడే నిమిషాలు. ఆరు నెలల కింద మా దగ్గర లేనివి ఆ ఏడు నిమిషాలు.

“ఇదంత ఎక్కడ రాసుంటది మేడం?” అని అడిగింది.

కాఫీ మిషను పక్కన అద్దం బిగించిన నోటీసు చూపించాను. అందరికీ కనబడే చోట పెట్టాలని చట్టంలో ఉంది కాబట్టి పెట్టాం, ఇంగ్లీషులో. అందులో ఉన్న కమిటీ సభ్యుల్లో ఇద్దరు ఉద్యోగం మానేసి వెళ్లిపోయి చాలా కాలమైంది.

“గిదా? గిది నేను దినాం తుడుస్త” అంది.

ఆ సాయంత్రమే మేనేజరు దగ్గరకు వెళ్లాను. ఆయన విన్నారు. చెడ్డ మనిషేం కాదు, ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలున్నారు. అయితే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, “చివరిసారి ఎప్పుడు జరిగింది?” అని. ఆగస్టు చివర్లో అన్నాను. వేళ్ల మీద లెక్కపెట్టారు.

“మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలండి. నాలుగున్నర అయిపోయింది. చెల్లదు.”

“తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించొచ్చు కదండీ. ఇలాంటిదొకటి ఉందనే ఆవిడకు తెలియదు.”

“తెలియకపోవడమేమిటండీ? ట్రైనింగ్ ఇచ్చాం కదా. ఆవిడ సంతకం ఉంది. కింద మీ సంతకం ఉంది.”

కళ్లలోకి చూస్తూ అన్నారు ఆ మాట. సెషన్ తర్వాత పెట్టుకుందాం, ముందు సంతకాలు తీసుకోండి అన్న మనిషే. నా ఒళ్లు మండిపోయింది. కానీ నోరు లేవలేదు. “ఆ రోజు మనం...” అంటూ నీళ్లు నమిలాను.

“ఆ షీటు తప్పని మీరంటే ఆడిట్ రిపోర్టు అబద్ధమవుతుంది. క్లయింటుకు తెలిస్తే ఏమవుతుందో ఆలోచించుకోండి. ముందు మీ ఉద్యోగం సంగతి చూసుకోండి. అతన్ని పక్క టవరులోనే ఉంచమని కాంట్రాక్టరుకి నోటిమాటగా చెబుదాం. ఆవిడకీ గొడవ ఉండదు, మనకీ ఉండదు.”

“ఆ టవరు ఊడ్చేది మగవాళ్లాండీ?” అని అడిగాను.

ఆయన లాప్‌టాప్ మూసి, మీటింగు ఉందంటూ లేచారు.

ఆ సాయంత్రం మెట్రోలో అమీర్‌పేట దాకా, అక్కడ మారి మూసాపేట దాకా, నేను ఆవిడ గురించి ఆలోచించలేదు. నా గురించే ఆలోచించుకున్నాను. పదకొండేళ్ల ఉద్యోగం. రికార్డు తారుమారు చేసిన మనిషని ఒకసారి పేరు పడితే ఈ హైటెక్ సిటీలో ఇంకో కంపెనీ నన్ను గుమ్మం ఎక్కనిస్తుందా? నోటిమాటగా చెబుదామన్నది మంచి ఉపాయమే అనిపించింది. వాడు రాడు, ఆవిడ ఉద్యోగం ఉంటుంది, నా ఉద్యోగం ఉంటుంది. మూసాపేట స్టేషను మెట్లు దిగేటప్పటికి దాదాపు ఒప్పేసుకున్నాను.

మనసు మార్చింది నా మంచితనం కాదు. మర్నాడు పొద్దున మేనేజరు నుంచి వచ్చిన మెయిలు. ‘నిన్నటి విషయం ఇంతటితో ముగిసినట్టు భావిస్తున్నాను. సదరు సిబ్బందికి గత జులైలో మీరు ఇచ్చిన శిక్షణ రికార్డును భద్రపరచండి’ అని ఉంది. మీరు ఇచ్చిన శిక్షణ! ఆ మూడు మాటల దగ్గర నా తల తిరిగిపోయింది. చేసిన మోసాన్ని రాతపూర్వకంగా నా నెత్తిన వేసి, ఆయన చేతులు దులుపుకుంటున్నారు. పదిహేను నిమిషాల్లో కమిటీకి ఉత్తరం రాసి పంపేశాను. ‘జులైలో హౌస్ కీపింగ్ సిబ్బందికి ఏ శిక్షణా జరగలేదు. సంతకాలు మాత్రమే తీసుకున్నాను. శిక్షణ ఇచ్చినవారు అన్నచోట ఉన్న సంతకం నాది. అది అబద్ధం.’ నాకు వచ్చిన మెయిలు కూడా జతచేశాను.

ఆ మధ్యాహ్నమే ఆవిడను కలిసి చెప్పాను, ఫిర్యాదు ఇస్తానంది. కమిటీ అయిదుగురు. బయటి సభ్యురాలు నగరంలో ప్రాక్టీసు చేసే పెద్ద వయసు లాయరమ్మ. మొదటి రోజు, ఫిర్యాదు చేసినావిడ ఆ గదిలోకి వెళ్లి, కుర్చీ వెనక నిలబడి అడిగిందట.

“మేడం, కూసొని చెప్పాల్నా, నిలవడి చెప్పాల్నా?”

“కూసో బిడ్డా” అంది లాయరమ్మ. “నువ్వు చెప్పుకుంట పో, నేను రాస్త. నీ మాటలే రాస్త. అయినంక సదివి వినిపిస్త.”

అలాగే తెలుగులో తన చేత్తో రాసిందట. నన్ను గడువు గురించి మాత్రం అడగడానికి లోపలికి పిలిచారు. కమిటీలో మా కంపెనీ సభ్యుడొకాయన షీటు ముందుకు జరిపి, “ఈవిడకి చదువొచ్చు. సంతకం పెట్టింది. తెలియదంటే ఎలాగండీ? ఇలా ప్రతి ఒక్కరూ తెలియదంటే ఇక గడువు ఎందుకు?” అన్నారు. “చదువొస్తది సార్, తెలుగు” అంది ఆవిడ మెల్లగా.

లాయరమ్మ కళ్లజోడు సర్దుకుని, షీటు మీద ఇంగ్లీషు వాక్యం పైకి చదివింది. ఆ తర్వాత దాన్ని తెలుగులో చెప్పింది: “నాకు తెలిసిన భాషలో నాకు వివరించారు.” చెప్పి, షీటు ఆయన వైపు తిప్పింది.

“సార్, ఈ ముక్క ఏ భాషల ఉన్నది?”

ఆయన షీటును తన కాగితాల కిందికి తోసేశారు. అది చూసి నాకు సంతోషం కలగలేదు, ఇంకా మండుకొచ్చింది. ఇంత చిన్న ప్రశ్న. ఆడిట్ చేసినవాళ్లు, క్లయింటు, మేనేజరు, నేను, ఒక్కరం కూడా అడగని ప్రశ్న.

గడువు పొడిగించారు. కారణం రాతలో పెట్టారు: ‘ఫిర్యాదుదారుకు చట్టం గురించి తెలియజేయలేదు, తెలియజేసినట్టు తీసుకున్న సంతకమే ఆమెను బెదిరించడానికి ఉపయోగపడింది.’ విచారణ ముగిసేదాకా సూపర్వైజరు మా బిల్డింగులో అడుగు పెట్టకూడదన్నారు. ఒకటో తారీఖుకు ఇంకా నాలుగు రోజులుంది. చట్టం చెప్పిన తొంభై రోజుల్లోపే విచారణ పూర్తయింది. ఇంకో ఇద్దరు ఆడవాళ్లు వచ్చి చెప్పారు, ఒకావిడ పక్క టవరు నుంచి. వాణ్ని కాంట్రాక్టరు పనిలోంచి తీసేశాడు. ఆవిడ ఉద్యోగం నిలబడింది. ఇదీ నేను చెప్పడానికి చట్టం ఒప్పుకునే న్యాయం.

రికార్డు తారుమారు చేసినందుకు నాకు మెమో ఇచ్చారు. శిక్షణ విభాగంలోంచి తీసి, సీట్ల కేటాయింపు చూసే పనిలో వేశారు. అబద్ధం రాసినప్పుడు బొటనవేలి బొమ్మ పెట్టారు, నిజం రాసినప్పుడు మెమో పెట్టారు. మేనేజరు మేనేజరుగానే ఉన్నారు. కారిడారులో ఎదురైతే ఫోను చూసుకుంటూ పోతారు. నాకు మెమో రావడం అన్యాయమని నేననను, నేను చేసింది తప్పే. నా ఒక్కదాని పేరు మీదే రావడం అన్యాయం.

అంతా తేలాక ఒక సాయంత్రం ఆవిడ నాకు కింద కనబడింది. టవరు ముందు నానక్‌రామ్‌గూడ వెళ్లే షేర్ ఆటోల కోసం నిలబడి ఉంది. దగ్గరకు వెళ్లాను. నిజం చెప్పాలంటే నాలో కాస్త గర్వం ఉంది. ఆవిడ కోసం ఉద్యోగాన్ని పణంగా పెట్టానని, మెమో తెచ్చుకున్నానని. ఆవిడ నోటి నుంచి ఒక మంచి మాట వినాలనే వెళ్లాను.

పిల్లల చదువుల గురించి, కొత్త సూపర్వైజరు గురించి కాసేపు చెప్పింది. కొత్తగా వచ్చింది ఆడమనిషట, కోపిష్టిదట, అయినా ఫికర్ లేదంది. తర్వాత నావైపు తిరిగింది.

“మేడం, ఒకటి అడుగుత, ఏమనుకోరు గద?”

“అడగమ్మా.”

“గా రోజు మీరు కాయితం తెచ్చినప్పుడు, అందరికంటె ముందుగాల నేనే వచ్చి నిలవడ్డ. యాదికున్నదా?”

లేదన్నాను.

“అప్పటికే ఆయన లిఫ్టుల రెండుసార్లు గట్ల చేసిండు. ఎవరికి చెప్పాల్నో సమజ్ కాలే. పెద్ద మేడం వచ్చింది, ఈమెకు చెప్పొచ్చు అనుకున్న. ఆయన ఫోనొస్తె బయటికి వోయిండు. గప్పుడు మీ దగ్గరికొచ్చి, మేడం జర ఒక్క మాట అన్న. ముందు సంతకం పెట్టమ్మా, తర్వాత మాట్లాడదాం అన్నరు మీరు. వెట్టిన. మీరు నా చేతులకెల్లి పెన్ను తీసుకొని ఎనకున్నామెకు ఇచ్చిండ్రు.”

ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే తట్టుకునేదాన్నేమో.

“ఊకెనే అడిగిన మేడం. మీకు యాదికుంటదేమో అని” అంది. ఆటో వచ్చింది. ఎక్కి కూర్చుని, వెళ్లొస్తానన్నట్టు తలూపింది.

మెట్రోలో నిలబడే ఫోనులో ఆ షీటు స్కాన్ కాపీ తెరిచాను. ఇన్నాళ్లూ దాని మీద ఆవిడ సంతకం ఉందా లేదా అన్నదే చూశాను, ఎక్కడుందో చూడలేదు. పెద్దది చేసి పైనుంచి చదవడం మొదలుపెట్టాను. రెండో పేరు దాకా వెళ్లాల్సిన పని రాలేదు.